ఎయిట్‌బాల్ పూల్: దారి మూసుకున్నప్పుడు ఏ షాట్ ఆడాలి?

పూల్ బల్లపై ఎదురుగా తెరిచి ఉన్న బంతిని పాకెట్‌లో వేయడం కొద్ది నెలల సాధనతో అలవడే విద్య. దారులు మూసుకుపోయిన బల్ల ముందు నిలబడి ఏ బంతిని కొట్టాలో, అసలు ఇప్పుడు పాకెట్‌కు ప్రయత్నించాలో వద్దో తేల్చుకోవడం వేరొక విద్య. సమ ఉజ్జీల మధ్య ఎయిట్‌బాల్ ఆట తరచుగా ఈ రెండో విద్య దగ్గరే తేలిపోతుంది. ఓడినవారు గురి తప్పిందని చెప్పుకొంటారు. కానీ చాలాసార్లు తప్పింది గురి కాదు, ఎంపిక.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా, విశాఖపట్నం, విజయనగరాల్లోని వారి బంధువులకైనా చిన్నప్పుడు చేతికి అందే తొలి పాకెట్ ఆట సాధారణంగా క్యారమ్స్. కోణాలను చూసే కన్నును, మెత్తగా కొట్టే అలవాటును పూల్‌కు ఆ ఆటే ఇస్తుంది. అయితే దానితోపాటు ఒక దురలవాటు కూడా వస్తుంది. క్యారమ్స్‌లో ప్రతి వంతుకూ స్ట్రైకర్ తిరిగి చేతికి వస్తుంది, గీతపై నచ్చిన చోట పెట్టుకోవచ్చు. అందువల్ల కాయిన్ పడితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చు. పూల్‌లో తెల్ల బంతి ఎక్కడ ఆగితే అక్కడి నుంచే తర్వాతి షాట్ ఆడాలి. గురి తప్పితే ఎదుటివారు కూడా అక్కడి నుంచే మొదలుపెడతారు. చిక్కు స్థితిలో చేసే ఎంపిక అంతా ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతుంది.

జబల్‌పూర్‌లో పుట్టిన మాట

తెల్ల బంతికి, కొట్టవలసిన బంతికి మధ్య మరో బంతి అడ్డుపడిన స్థితిని ఆటగాళ్లు ‘స్నూకర్ అయింది’ అంటారు. ఈ మాటకు, మధ్య భారతానికి దగ్గరి సంబంధం ఉంది. 1875లో జబల్‌పూర్‌లోని సైనికాధికారుల మెస్‌లో డెవన్‌షైర్ రెజిమెంట్‌కు చెందిన నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి, అప్పటికే వాడుకలో ఉన్న బిలియర్డ్స్ బల్ల ఆటలకు రంగు బంతులను చేర్చి కొత్త ఆట ఆడించారు. ఇతను తరువాతి కాలపు బ్రిటిష్ ప్రధాని కాదు, అదే పేరున్న మరొక వ్యక్తి. వూలిచ్ సైనిక విద్యాలయంలో కొత్తగా చేరినవారిని ఎగతాళిగా పిలిచే ‘స్నూకర్’ అనే పేరును, సులభమైన బంతిని తప్పిన సహచరుడికి ఆయన తగిలించారని, అదే ఆటకు పేరుగా స్థిరపడిందని చెబుతారు. నియమాలు 1882లో ఊటీలో ఒక రూపానికి వచ్చాయి. ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన 2000 నవంబరు 1 వరకు భిలాయి, జబల్‌పూర్ రెండూ మధ్యప్రదేశ్‌లోనివే.

ఎయిట్‌బాల్ పుట్టింది మాత్రం అమెరికాలో. 1900 ప్రాంతంలో అక్కడి పూల్ ఆటల నుంచి రూపుదిద్దుకుంది. 1 నుంచి 7 వరకు నిండు రంగు బంతులు ఒకరివి, 9 నుంచి 15 వరకు చారల బంతులు మరొకరివి. తమ ఏడింటినీ వేసి, చివరికి నల్లని 8ని ముందుగా చెప్పిన పాకెట్‌లో వేసినవారిది గెలుపు. వరుస క్రమం లేదు. సొంత బంతుల్లో దేన్నైనా ఎప్పుడైనా కొట్టవచ్చు. ఈ స్వేచ్ఛే ఎంపికను కష్టం చేస్తుంది.

బంతి పడితే ఏమిటి, పడకపోతే ఏమిటి

కష్టమైన షాట్ ముందు కొత్త ఆటగాడు వేసుకునే ప్రశ్న ‘ఇది పడుతుందా?’ అన్నది ఒక్కటే. అనుభవజ్ఞులు దానికి మరో రెండు జోడిస్తారు. పడితే తెల్ల బంతి ఎక్కడ ఆగుతుంది? పడకపోతే ఎదుటివారికి ఏమి మిగులుతుంది? మూడో ప్రశ్నకే విలువ ఎక్కువ. అందరూ మరిచిపోయేదీ దాన్నే.

ఒక ఊహాజనిత లెక్కతో ఇది స్పష్టమవుతుంది. ఒక షాట్ పడే అవకాశం సగానికి సగం అనుకుందాం. పడితే ఆట గెలిచే అవకాశం 75 శాతం. పడకపోతే బల్ల ఎదుటివారికి తెరిచి ఇచ్చినట్టే, గెలిచే అవకాశం 20 శాతానికి పడిపోతుంది. రెండింటి సగటు 47.5 శాతం. దీనికి బదులు బంతిని వేసే ప్రయత్నం మాని, ఎదుటివారికి దారి దొరకకుండా తెల్ల బంతిని దాచే సేఫ్టీ షాట్ ఉందనుకుందాం. అది పదింట ఏడుసార్లు కుదురుతుంది. కుదిరితే గెలుపు అవకాశం 60 శాతం, కుదరకపోతే 25 శాతం. సగటు 49.5 శాతం. తేడా స్వల్పమే అయినా సేఫ్టీదే పైచేయి. సాహసం దాన్ని దాటాలంటే బంతి పడే అవకాశం 54 శాతానికి చేరాలి.

అదే షాట్‌లో ఒక్క అంకెను మారుద్దాం. బంతి పడకపోయినా తెల్ల బంతి బల్ల రెండో చివర కుషన్‌కు అంటుకుని ఆగుతుంది, ఎదుటివారికి సులభమైనది ఏదీ మిగలదు. అప్పుడు తప్పినా గెలిచే అవకాశం 35 శాతం ఉందనుకుంటే సగటు 55 శాతం అవుతుంది. ఇప్పుడు సాహసమే సరైన ఎంపిక. ఆటగాడి నైపుణ్యం మారలేదు, బంతి పడే అవకాశమూ మారలేదు. తప్పినప్పుడు చెల్లించే మూల్యం మారింది, దానితో నిర్ణయమే తిరగబడింది. పడితే లాభం, పడకపోయినా నష్టం లేని ఇలాంటి షాట్‌ను పూల్ పరిభాషలో టూ వే షాట్ అంటారు. ఆట మధ్యలో ఎవరూ కాగితంపై లెక్క వేయరు. కానీ బల్ల చుట్టూ ఒకసారి నడిచి, తప్పితే ఏమవుతుందో చూసుకోవడానికి పది సెకన్లు చాలు.

కన్ను మోసం చేసే చోటు

బంతి పడే అవకాశాన్ని ఎక్కువగా అంచనా వేయడం అందరిలోనూ ఉండే బలహీనత. దీనికి కారణం జ్యామితిలో ఉంది. పూల్ బంతి వ్యాసం 57.15 మిల్లీమీటర్లు. పోటీ బల్లపై మూల పాకెట్ నోరు సుమారు 115 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు బంతుల వెడల్పు. చూడటానికి విశాలంగానే ఉంటుంది. కానీ పాకెట్‌కు ఒక మీటరు దూరంలో ఉన్న బంతి ఇరువైపులా సుమారు ఒకటిన్నర డిగ్రీకి మించి దారి తప్పకూడదు. ఆ బంతికి తెల్ల బంతి మరో మీటరు దూరంలో ఉంటే, తెల్ల బంతి దిశలోని పొరపాటు ఢీకొన్న తరువాత పదిహేను రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే క్యూ కర్ర డిగ్రీలో పదో వంతు పక్కకు జరిగినా బంతి పడకపోవచ్చు. కోణం 60 డిగ్రీలైతే ఆ కొద్దిపాటి వెసులుబాటు కూడా సగమవుతుంది.

కాబట్టి దూరాన్ని, కోణాన్ని విడివిడిగా కాక కలిపి చూడాలి. దగ్గరగా ఉన్న పెద్ద కోణం సాధ్యమే. దూరంగా ఉన్న నేరు షాట్ కూడా సాధ్యమే. రెండూ కలిసినప్పుడు మాత్రం సేఫ్టీ కోసం వెతకడం తెలివి. వేగం మరో శత్రువు. కుషన్ వెంట దొర్లుతూ వచ్చిన బంతిని మెత్తగా కొడితే పాకెట్ మింగుతుంది, గట్టిగా కొడితే దాని దవడలు బయటకు తోసేస్తాయి. కష్టమైన షాట్‌ను బలంగా కొట్టడం ఈ ఆటలో అతి సాధారణమైన పొరపాటు. భిలాయి కర్మాగారం సోవియట్ యూనియన్ సహకారంతో వెలిసింది గనుక ఆ దేశపు బిలియర్డ్స్‌ను కూడా ఇక్కడ తలచుకోవచ్చు. రష్యన్ పిరమిడ్ అనే ఆ ఆటలో బంతి 68 మిల్లీమీటర్లు ఉంటే మూల పాకెట్ దానికన్నా నాలుగైదు మిల్లీమీటర్లే పెద్దది. దానితో పోలిస్తే పూల్ బల్ల ఉదారమైనదే. ఆ ఉదారతే ఆటగాళ్లను అతి విశ్వాసంలోకి నెడుతుంది.

ఒక స్థితి, నాలుగు దారులు

ఈ సూత్రాలు ఒక బల్లపై ఎలా పనిచేస్తాయో చూద్దాం. ఆడవలసిన వ్యక్తికి 2, 5, 7 మిగిలాయి. ఎదుటివారికి 12, 14 మిగిలాయి. ఆట మొదట్లో బంతులను త్రికోణంగా పేర్చిన వైపు, ఎడమ మూల పాకెట్ నోటిలో 2 వేలాడుతోంది. కుడివైపు పొడవాటి కుషన్ దగ్గర 5, 12 ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వాటిలో ఏదీ ఏ పాకెట్‌కూ పోదు. 7 బల్ల మధ్యలో తెరిచి ఉంది. నల్లని 8, చారల 14 రెండో చివర ఉన్నాయి, రెండూ పడే స్థితిలోనే ఉన్నాయి. తెల్ల బంతి బల్ల ఎడమ సగంలో ఉంది.

చాలామంది చేసే పని 2ను వేయడం, ఆ ఊపులోనే 7ను కూడా వేయడం. రెండు బంతులు పడ్డాయి కాబట్టి ఆట ముందుకు సాగినట్టు అనిపిస్తుంది. నిజానికి జరిగింది దానికి విరుద్ధం. ఇప్పుడు మిగిలింది ఇరుక్కుపోయిన 5 ఒక్కటే. దాన్ని విడదీసే ప్రయత్నంలో తెల్ల బంతి ఎక్కడికి పోతుందో చెప్పలేము. కుదరకపోతే ఎదుటివారి ముందు అడ్డంకులు లేని ఖాళీ బల్ల ఉంటుంది. ఎయిట్‌బాల్‌లో బల్లపై ఉన్న సొంత బంతులు కేవలం మిగిలిన పని కాదు, అవి ఎదుటివారి దారికి అడ్డుగోడలు కూడా. ఏడు బంతుల్లో ఆరింటిని వేసి ఆగిపోయినవారి స్థితి, ఒక్కటీ వేయనివారి స్థితికన్నా అధ్వాన్నం కావడం ఈ ఆటలో తరచుగా కనిపించే వింత.

రెండో దారి, తెల్ల బంతిని నేరుగా 5, 12 గుంపు మీదికి పంపడం. ఏ బంతీ పడదు, గుంపు విడిపోతుంది, వంతు ఎదుటివారిది అవుతుంది. అప్పటివరకు వారికీ 12 ఇరుక్కునే ఉంది కదా! ఆ ముడిని వారి కోసం ఉచితంగా విప్పినట్టు అవుతుంది. ఇద్దరి బంతులూ ఒకే గుంపులో చిక్కుకున్నప్పుడు తొందర ఎవరికీ లేదు. ఆట ముగించే ఏర్పాటు లేకుండా ముడి విప్పినవారే నష్టపోతారు.

మూడో దారి, 2ను వేసే షాట్‌తోనే ముడిని విప్పడం. 2కు ఒక పక్కగా తగిలిన తెల్ల బంతి చిన్న కుషన్‌ను తాకి కుడివైపుకు వచ్చి 5ను ఢీకొనే దారి ఉందా అని చూడాలి. ఇక్కడ 7 పాత్ర కీలకం. గుంపు విడిపోయాక బంతులు ఎటు పోయినా మధ్యలో తెరిచి ఉన్న 7 రెండు పక్కల పాకెట్లకూ పడుతుంది కాబట్టి ఆట ఆగిపోదు. దీన్ని బీమా బంతి అంటారు. ముడిని విప్పే షాట్‌కు ముందు బీమా బంతి బల్లపై ఉండాలి. 7ను ముందే వేసినవారు ఆ బీమాను చేతులారా రద్దు చేసుకున్నట్టే.

నాలుగోది సేఫ్టీ. 7ను మెత్తగా తాకి, తెల్ల బంతిని కుషన్‌కు తగిలించి 7 చాటునో 8 చాటునో ఆపడం. ఎదుటివారికి కొట్టదగిన బంతులు రెండే. 12కు 5 కాపలా ఉంది, 14 కనపడకుండా పోతే వారు కుషన్ మీదుగా కొట్టక తప్పదు. తమ బంతిని ముందుగా తాకలేకపోతే ఫౌల్. అప్పుడు తెల్ల బంతి చేతికి వస్తుంది, కావలసిన చోట పెట్టుకుని మూడో దారిని నింపాదిగా అమలు చేయవచ్చు. పాకెట్ నోటిలోని 2ను తాకనక్కరలేదు. అది ఎటూ పోదు, పైగా అక్కడ ఉన్నంతకాలం ఎదుటివారికి ఆ పాకెట్ మూసి ఉన్నట్టే.

మూడు, నాలుగు దారుల మధ్య తీర్పు చెప్పేది తెల్ల బంతి సహజంగా పోయే దారి. మధ్యస్థ వేగంతో, తిప్పుడు లేకుండా ఆడితే తెల్ల బంతి తనంతట తానే గుంపు వైపు పోతుందంటే మూడో దారి ఉత్తమం. దాన్ని అటు పంపడానికి బలమైన తిప్పుడు, రెండు మూడు కుషన్ల ప్రయాణం అవసరమైతే నాలుగోదే మేలు. సహజమైన దారిని అంచనా వేయడానికి రెండు నియమాలు సరిపోతాయి. ఢీకొనే క్షణంలో తెల్ల బంతి దొర్లకుండా జారుతూ ఉంటే, అది రెండో బంతి పోయే దిశకు లంబకోణంలో పక్కకు పోతుంది. సహజంగా దొర్లుతూ వచ్చి రెండో బంతికి సుమారు సగం మందంలో తగిలితే, తాను వస్తున్న దిశ నుంచి దాదాపు 30 డిగ్రీలు పక్కకు మళ్లుతుంది. చూపుడు వేలును, మధ్య వేలును ‘వి’ ఆకారంలో చాచి ఈ కోణాన్ని బల్లపై కొలుచుకునే ఆటగాళ్లు ఉన్నారు.

తెల్ల బంతి కుషన్‌కు అంటుకున్నప్పుడు

తెల్ల బంతి కుషన్‌కు ఆనుకుని ఉంటే దాని పై భాగం మాత్రమే క్యూకు అందుతుంది. వెనక్కి లాగే దెబ్బ కుదరదు. క్యూ వెనుక భాగాన్ని పైకి ఎత్తి పక్క తిప్పుడు ఇస్తే బంతి వంకరగా పోతుంది. అందువల్ల ఇక్కడ ఎంపిక దానంతట అదే కుంచించుకుపోతుంది. తిప్పుడు అక్కరలేని, తక్కువ కోణం ఉన్న, మెత్తగా ఆడదగిన బంతి ఉంటే దాన్ని వేయాలి, లేకపోతే సేఫ్టీ ఆడాలి. ఈ పరిమితిని తిప్పి చూస్తే సేఫ్టీ ఆడేవారికి ఒక ఆయుధం దొరుకుతుంది. ఎదుటివారికి బంతి కనపడకుండా దాచడం కుదరనప్పుడు, తెల్ల బంతిని కుషన్‌కు అంటించి, వారి బంతికి దూరంగా వదిలిపెట్టినా సగం పని అయినట్టే.

సొంత బంతి కనపడనప్పుడు కుషన్ మీదుగా కొట్టడానికి అద్దంలో ప్రతిబింబాన్ని ఊహించుకోవడం పాత పద్ధతి. కుషన్‌కు ఇవతల లక్ష్య బంతి ఎంత దూరంలో ఉందో, అవతల అంతే దూరంలో మరొకటి ఉన్నట్టు భావించి దాని వైపు గురి చూస్తారు. మధ్యస్థ వేగంలో ఇది దాదాపుగా పనిచేస్తుంది. వేగం పెరిగితే కుషన్ నుంచి తిరిగి వచ్చే కోణం ఇరుకవుతుంది. ఇలాంటి షాట్‌లో పాకెట్ ఆశ పెట్టుకోవడం అత్యాశ. నియమబద్ధంగా బంతిని తాకి, ఆ తరువాత ఏదో ఒక బంతి కుషన్‌కు చేరేలా చూసుకుంటే ఫౌల్ తప్పుతుంది. అది చాలు.

నల్ల బంతి నుంచి వెనక్కి

బల్లపై మూడు నాలుగు బంతులు మిగిలినప్పుడు లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. 8 ఏ పాకెట్‌లోకి పోతుంది? దానికి తెల్ల బంతి ఎక్కడ ఉండాలి? ఆ చోటుకు సులభంగా చేర్చే బంతి ఏది? దాన్నే చివరికి దాచుకోవాలి. 8కి దగ్గరగా ఉన్న సులభమైన బంతిని చేతికందింది కదా అని ముందే వేసేసి, తరువాత బల్ల అంతా తిరిగి 8 దగ్గరికి చేరడానికి కష్టపడటం సాధారణ ఆటగాళ్ల ఆటలో పదేపదే కనిపిస్తుంది. ప్రమాదాలు కూడా ఇక్కడే ఎక్కువ. సొంత బంతులు పూర్తి కాకముందే 8 పడినా, చెప్పని పాకెట్‌లో పడినా, బల్ల దాటి కింద పడినా ఆట పోయినట్టే. 8 పడిన షాట్‌లోనే తెల్ల బంతి కూడా పాకెట్‌లో పడితే అదీ ఓటమే. 8 పడకుండా తెల్ల బంతి మాత్రమే పడితే అంతర్జాతీయ నియమాల ప్రకారం అది ఫౌల్ అవుతుంది గానీ ఓటమి కాదు.

ఆడే చోటి నియమాలు

పైన చెప్పిన విలువలన్నీ ఒక నియమంపై ఆధారపడి ఉన్నాయి. అంతర్జాతీయ నియమాల్లో ఫౌల్ జరిగితే ఎదుటివారు తెల్ల బంతిని బల్లపై ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అందుకే సేఫ్టీకి అంత బలం. పట్టణాల్లోని పూల్ పార్లర్లలో ఈ నియమం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల బ్రేక్ గీత వెనుక నుంచే ఆడాలి. మరికొన్నిచోట్ల ఫౌల్‌కు రెండు వంతులు ఇస్తారు. గీత వెనుక నుంచే ఆడాలన్న చోట ఎదుటివారిని ఫౌల్‌లోకి నెట్టడం వల్ల కలిగే లాభం తగ్గుతుంది, అందువల్ల సాహసానికి మొగ్గు పెరుగుతుంది. ఈ సంగతి మొదటి బ్రేక్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి, వివాదం వచ్చాక కాదు.

సేఫ్టీని ముందుగా ప్రకటించే హక్కును కూడా చాలామంది వాడుకోరు. అంతర్జాతీయ నియమాల్లో షాట్‌కు ముందు ‘సేఫ్టీ’ అని చెబితే, సొంత బంతి పాకెట్‌లో పడినా వంతు ఎదుటివారికి వెళుతుంది. పడిన బంతి పడినట్టే ఉంటుంది. పాకెట్ నోటిలో ఉన్న బంతిని తోసేసి, తెల్ల బంతిని ఎదుటివారికి అందని చాటున ఆపగలిగిన సందర్భంలో ఇది ఉపయోగపడుతుంది. ఆ మాట చెప్పకుండా ఆడితే, నియమబద్ధంగా బంతి పడినందుకు తామే మళ్లీ ఆడవలసి వస్తుంది. ఎదుటివారి కోసం మూసిన దారి ముందు తామే నిలబడవలసి వస్తుంది.